ఛేదనాగ్ని విచారము

రాయగడ జిల్లాలో గుణుపురము సబ్‌డివిజనునకు చేరిన రామనగుడ సీమ, 1936 ఏప్రిల్ 1వ తేదీవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణపు ఏజన్సీలో భాగమై యుండి, ఆనాటినుండి ఒరిస్సాలోని కోరాపుట్ జిల్లాకును, 1992 అక్టోబరు 2 నుండి క్రొత్తగా నేర్పడిన రాయగడ జిల్లాకును సంక్రమించిన దగుటచే, అచ్చటి తెలుగు కుటుంబములు ఒడియావారి పర్వములను తమ పర్వములను సమానశ్రద్ధతో జరుపుకొనుచుండుట సహజమే. పనిముట్లను పూజించు విషయమున ఈ కలయిక మిక్కిలి స్పష్టముగా గానవచ్చును. కన్యాసంక్రమణమునాడు, అనగా సెప్టెంబరు 17 ప్రాంతమున, ఒడియావారు విశ్వకర్మపూజ చేయుదురు. తెలుగువారు మహానవమినాడు ఆయుధపూజ చేయుదురు. ఒకే షెడ్డులో, ఒకే సంవత్సరమున, ఒకే సమ్మెటకును ఒకే పటకారునకును రెండు పర్యాయములు కుంకుమ పెట్టు ఇండ్లు ఆ సీమలో లేకపోలేదు.

ఇంటివెనుక రేకులషెడ్డు వేసికొని, ట్రాక్టరు ట్రక్కులకును, గేట్లకును, నాగళ్లకును మరమ్మతు చేయు అట్టి గృహస్థు లొకరు కొంతకాలము క్రిందట నన్నొక ప్రశ్న అడిగిరి. ఇనుమును కోయుటకు టార్చి కొనదలచితిమనియు, ఏ గ్యాసుతో నడచునది కొనవలెనో తేల్చుకొనలేక యున్నామనియు చెప్పి, "డీఏనా, ఎల్పీజీనా, ఏది పెట్టమంటారు మాస్టారూ?" అని మొదలిడి, ఒక్క క్షణ మాగి, "నిత్యదీపం పెట్టుకునే ఇంట్లో ఇనుమును కోసే నిప్పు ఉండొచ్చా అని మా అమ్మ అడుగుతోందండీ" అని ముగించిరి. మొదటి ప్రశ్న అంగడివాని నడుగదగినదనియు, రెండవది పురోహితుని నడుగదగినదనియు పలువురు భావింతురు. ఈ రెండును ఒకే ప్రశ్న యని నా నిశ్చయము. మొదటిదానికి సమాధానము తెలియనివాడు రెండవదానికి చెప్పు సమాధానము నమ్మదగినది కాదు.

ముందుగా విచారింపవలసినది, ఇనుమును కోయునది ఏది యను విషయము. చూచువారందరును మంటయే కోయుచున్నదని తలంతురు. కావున మంట ఎంత తీవ్రమైనదైన కోత అంత శ్రేష్ఠమగునని ఊహింతురు. యథార్థ మట్లు గాదు. టార్చి మొనయందు చుట్టునున్న చిన్నమంటలు చేయు పని యెల్ల, పలక అంచున నొక బిందువును సుమారు 870 నుండి 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఎఱ్ఱగా కాల్చుట మాత్రమే; ఇనుము కరగుటకు 1538 డిగ్రీలు కావలసి యుండగా ఇది దానికి చాల దిగువ. ఆ ఎఱ్ఱదనము వచ్చిన పిమ్మట మీట నొక్కి, నాజిల్ నడిమి రంధ్రమునుండి శుద్ధమైన ఆక్సిజన్ ధారను విడిచినచో, ఆ ధారలో ఇనుము తానే మండనారంభించి, తన దహనమున పుట్టిన వేడితోనే తన క్రిందిపొరను మండించుకొనుచు, భస్మమునకు మారుగా ద్రవరూపమైన ఆక్సైడై, ధార త్రోపుడునకు చిట్టెమై అడుగున రాలిపోవును. మనము పీల్చు గాలిలో ఐదవపాలుగా నుండి మనల జీవింపజేయు వాయువే ఇచ్చట కత్తి; ఇనుమే ఇంధనము; మంట వారిరువురను కలుపు మధ్యవర్తి.

ఈ రహస్యమునకు ప్రబలమైన నిదర్శనము స్టెయిన్‌లెస్ ఉక్కు. సాధారణపు ఉక్కు ఆక్సైడు ఉక్కుకంటె తక్కువ వేడికే కరగి తొలగిపోవును గనుక కోత సాగును. స్టెయిన్‌లెస్‌లోని క్రోమియము మాత్రము తనపై కరగని ఆక్సైడు పొరను కప్పుకొని లోనిదానిని కాపాడుకొనును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగునదైనను, దాని ఆక్సైడు 2000 డిగ్రీలు దాటినగాని కరగదు. కావున మెత్తని ఆ లోహము ఈ టార్చికి లొంగదు, కఠినమైన ఉక్కు లొంగును. బలము కోయువానిదే యైనచో ఇట్లు జరుగవలసిన పనిలేదు. కోయబడు పదార్థముయొక్క స్వభావము సమ్మతించిన చోటనే కోత యున్నది.

నైయాయికులు కార్యసాధనలో అసాధారణమైన కారణమునకు కరణమని పేరిడి, దానిని వివరించుటకు గొడ్డలితో కట్టెను నరకుటనే నిత్యోదాహరణముగా గైకొనిరి. గొడ్డలి కరణము, గొడ్డలికిని కట్టెకును గల సంయోగము వ్యాపారము, ముక్కలగుట ఫలము. ఈ లెక్క గొడ్డలియెడ ఎంత సుకరమో టార్చియెడ అంత దుష్కరము. ఇందు కరణమేది? చేతిలోని ఇత్తడి గొట్టమా? మంటయా? ధారయా? తన్ను తాను దహించుకొను ఇనుమా? భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము ప్రతికర్మకును అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని ఐదు హేతువులను చెప్పి, తానొక్కడే కర్తనని తలచువాని చూపు సరియైనది కాదని తేల్చినది. షెడ్డులో రెండు గంటలు టార్చి పట్టిన ఎవ్వనికైనను ఈ సత్యము చేతికే తెలియవలెను. ఆక్సిజన్ శుద్ధి నూటికి 99.5 పాళ్లనుండి ఒక్కపాలు తగ్గినంతమాత్రమున కోతవేగము గణనీయముగా పడిపోవును. 95 పాళ్లకు దిగినచో కోత యనదగినది జరుగక, లోహము కరగి జారుట మాత్రమే మిగులును. పనివాని నేర్పు అంతయు నున్నను, కంటికి కానరాని ఆ స్వల్పకల్మషమును చేయి సవరింపజాలదు.

అయినచో కర్తకు మిగిలిన దేమి? నా తలంపున, కోతలో మనుష్యుని పాలు స్వల్పము, ఎన్నికలో సంపూర్ణము. ఏ వాయువును ఇంటికి తేవలెను, ఎంత తేవలెను, ఎక్కడ నిలుపవలెను, ఎవరి ప్రక్కన వెలిగింపవలెను అనునవి ఇనుము నిర్ణయింపదు, ఆక్సిజన్ నిర్ణయింపదు. అవి కొనువాని యొక్కని బుద్ధికే వదలబడినవి. కావుననే టార్చి ఎన్నిక ధర్మవిచారమునకు పాత్రమగుచున్నది.

పనివారు డీఏ యని పిలుచు ఎసిటిలీను ఆక్సిజన్‌తో కూడి సుమారు 3100 డిగ్రీల మంట నిచ్చును, ఎల్.పి.జి. సుమారు 2800 డిగ్రీల మంట నిచ్చును. మూడువందల డిగ్రీల ఈ తారతమ్యమును చూచి యనేకులు మొదటిదానిని ఉత్తమమని నిర్ణయింతురు. కాని కోతకు కావలసిన ఎఱ్ఱదనము తొమ్మిదివందల డిగ్రీల లోపలనే కలుగుచుండగా, రెండు మంటలును ఆ అవసరమును మూడింతలు దాటినవే. ఎసిటిలీను లోపలి శంకువునందు వేడి గుమిగూడి యుండుటచే పలక త్వరగా ఎఱ్ఱనగుననుట నిజము, ఎల్.పి.జి. మంట వేడి వెలుపలి పొరయందు వ్యాపించి యుండుటచే కోత మొదలగుటకు కొంత ఓర్పు వహింపవలెననుటయు నిజము. ఆ మంటకు పాలొకటికి సుమారు నాలుగు పాళ్ల ఆక్సిజన్ కావలసి యుండగా, ఎసిటిలీనుకు ఒకటికి ఇంచుక మించిన పాలు చాలుననుటయు నిజమే. ఉక్కును ఉక్కుతో గ్యాసుమంటచే అతుకవలసివచ్చినపుడు ఎసిటిలీనే కావలెను, ఎల్.పి.జి. మంట దానికి పనికిరాదు. దినమెల్ల వందలకొలది కోతలు కోయు కర్మాగారమునకు ఈ లెక్కలు ముఖ్యములు. తెరబలిలోని ఫెర్రో అల్లాయీసు కార్ఖానాకో, రాయగడ చెంతనున్న కాగితపు మిల్లుకో క్షణము ధనమగును. వారమునకు రెండు కోతలు కోసికొను ఇంటివానికి, పలక ఎఱ్ఱనగుటకు పట్టు అదనపు అరనిమిషము నష్టమని నేనంగీకరింపను. చాలినదానిని మించిన శక్తిని ఇంటిలో నిలువ యుంచుకొనుట అపరిగ్రహమునకు విరుద్ధము. ధనధాన్యముల విషయమున ఈ మాటను ఒప్పుకొనువారు అగ్నివిషయమున నేల ఒప్పుకొనరాదు?

పైగా ప్రతివాయువునకును ఒక స్వభావము కలదు. ఎసిటిలీను తనలో తానే అశాంతమైనది. గాలి సోకకపోయినను, ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఒక కిలో ప్రాంతమును మించినచో తనంతట విచ్ఛిన్నమై పేలగలదు. దానిని సిలిండరులో నిలుపవలెనన్న, సచ్ఛిద్రమైన యొక పూరకము నింపి, దానికి ఎసిటోన్ ద్రవము పట్టించి, అందు కరగించి యుంచవలెను. సిలిండరును పరుండబెట్టి వాడరాదు. గంటకు దాని నిలువలో ఏడవపాలును మించి తీయరాదు. రాగిగొట్టములతో దానికి సంబంధము కల్పించినచో విస్ఫోటకమైన లవణము పుట్టును. గాలిలో నూటికి రెండున్నర పాళ్లు మొదలు ఎనుబది పాళ్లవరకు ఎంత కలిసినను అంటుకొనగలదు. ఎల్.పి.జి.కి ఈ హద్దులు సుమారు రెండింటినుండి పదింటివరకు మాత్రమే. కాని దాని దోషము వేరు. అది గాలికంటె ఒకటిన్నర మొదలు రెండింతలు బరువైనది. లీకైనచో పైకి పోక నేలనంటి, గుంటలలోను, తూములలోను, గడపక్రిందను పొంచి యుండును. ఒకటి క్రోధమువంటిది, ఒకటి లోభమువంటిది. రెండింటిలో ఇంటివాడు నిగ్రహింపగలిగిన దేదియో అదియే అతనికి యుక్తము.

ఈ సందర్భమున గుస్తాఫ్ దలెన్ అను స్వీడన్ దేశపు మహనీయుని స్మరింపక పోజాలను. ఎసిటిలీనును నిరపాయముగా నిలుపగల పూరకమును సిద్ధపరచినవాడును, పగటివెలుగు సోకగానే దీపము తనంతట నారిపోవునట్లు కవాటమును కల్పించినవాడును అతడే. సముద్రతీరములందలి దీపస్తంభములకు చేసిన ఈ సేవకై 1912లో అతనికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ సంవత్సరమే ఎసిటిలీను పాత్రలను పరీక్షించుచుండగా విస్ఫోటనము సంభవించి అతడు రెండు కన్నులను గోల్పోయెను. ఆ బహుమానమును అతని పక్షమున సోదరుడు స్వీకరింపవలసి వచ్చెను. నావికులకు దారిచూపినవాడు అంధుడాయెనే యని విధిని నిందించి ఊరకుండుట సులభము. నేను దాని నట్లు చూడను. ఆ వాయువును అతనికంటె ఎక్కువ యెఱిగినవాడు ఆనాడు లోకమున లేడని చెప్పిన అతిశయోక్తి గాదు, అతడే దెబ్బతినెను. జ్ఞానము ప్రమాదమును తగ్గించును గాని లోపింపజేయదు. అతడు ఆ అపాయమునకు ఎదురేగినది లక్షల నావికుల మేలుకై. గేటు కమ్మీ కోయుటకు అంతటి అపాయమును పసిపిల్లలు తిరుగు పెరటిలోనికి ఆహ్వానించుటకు ఏ మేలు కారణముగా చూపగలము?

సిలిండరు ఖరీదు పెట్టలేక కార్బైడు డబ్బాతో, అనగా కార్బైడు గడ్డలపై నీరు పోసి ఎసిటిలీనును అక్కడికక్కడ పుట్టించుకొను పాతసాధనముతో సరిపెట్టుకొను వారిని గూర్చి ఒక్కమాట: దానిని ఇంటిలో పెట్టరాదు. ఇందు వాదమునకు తావులేదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు వంటగ్యాసు విషయమున కలదు. 14.2 కిలోల ఎఱ్ఱసిలిండరు వంటకై ఇయ్యబడినది. వృత్తిపనులకు 19 కిలోల సిలిండరు వేరుగా నున్నది. లోనిది ఇంచుమించు ఒకే వాయువు గనుకను, మొదటిది చవుక గనుకను, చాలచోట్ల వంటసిలిండరునే టార్చికి తగిలించుట చూచుచున్నాము. చట్టము దీనిని నిషేధించినది. చట్టము నట్లుంచి, మన పూర్వులు అగ్నివిషయమున పాటించిన వివేకమును చూడుడు. అన్నము వండు అగ్ని, శవమును దహించు అగ్ని, దేవతలకు హవిస్సు నందించు అగ్ని, ఈ మూడింటిని యజుర్వేదము వేరుపరచినది. మూడింటియందును వేడి ఒక్కటియే, వెలుగు ఒక్కటియే. వినియోగమును బట్టి అవి వేరు. గృహస్థుని అగ్నియగు గార్హపత్యమునుండియే కదా హోమాగ్నియగు ఆహవనీయమునకు నిప్పు కొనిపోవుదురు, కలిపిన దోషమేమని అడుగవచ్చును. నిజమే, కొనిపోవుదురు, కాని విధిపూర్వకముగా, బహిరంగముగా, ఇది దేనికొరకో చెప్పి కొనిపోవుదురు. పొయ్యి పేరు చెప్పి తెచ్చినదానిని కొలిమిలో దాచి మండించుట ఆ కోవకు చేరదు. ఆ ఎఱ్ఱసిలిండరు పొయ్యికి అందవలసిన మరియొక యిల్లు, కొండవాలులో కట్టెలపొగకు కన్నులు నలుపుకొను సవర తల్లిదో కోదు తల్లిదో, ఉండనే యున్నది. వస్తువు ఒక్కటే యైనను అధికారము వేరైనపుడు, దానిని త్రిప్పివాడుట అస్తేయవ్రతమునకు భంగమే.

పూజ సంగతి కూడ ఇచ్చట చెప్పవలసి యున్నది, ఏలయన భక్తియే అపాయమునకు ద్వారమగు సందర్భ మొకటి ఇందు కలదు. సంక్రమణమునాడును నవమినాడును పనిముట్లను తుడిచి, నూనె పట్టించి, సిందూరము నలదుట వాడుక. సుత్తికిని దాగలికిని అది మేలే చేయును. ఆక్సిజన్ సిలిండరు కవాటమునకును రెగ్యులేటరునకును నూనెగాని నెయ్యిగాని తగులరాదు. నిండు సిలిండరులో ఆక్సిజన్ చదరపు సెంటీమీటరునకు 150 కిలోల ప్రాంతపు ఒత్తిడితో నుండును. అంతటి ఒత్తిడిగల శుద్ధాక్సిజన్ జిడ్డును తాకినచో నిప్పురవ్వ యవసరము లేకయే అది భగ్గుమనవచ్చును. కావున ఆ భాగమునకు పొడి పసుపుకుంకుమలు కూడ వలదు; సిలిండరు దేహమున నొక పూవుంచిన చాలును. హారతి దూరమున ఈయవలెను. కర్మకు జ్ఞానము తోడు కావలెనా అక్కరలేదా యని మీమాంసకులును వేదాంతులును శతాబ్దములు వాదించిరి. కర్మలోపల ఏ దేవతను అర్చించుచున్నామో ఆ దేవత స్వభావ మెఱుగక చేసిన అర్చన, ఈ ఒక్క చోటనైన, అర్చకునే దహించును. విశ్వకర్మ పూజలో ఈ మాట చెప్పని పురోహితుడు మంత్రమంతయు చదివినను తన విధిలో సగమే నెరవేర్చినవాడు.

మఱి ఈ అగ్నిని పట్టుటకు ఎవరు అర్హులు? ఇనుము, కొయ్య, కంచు, శిల, బంగారము అను ఐదు పనులను విశ్వకర్మ పంచముఖములకు సంబంధించిన ఐదు శాఖలవారికి మన సంప్రదాయము పంచియిచ్చినది. ఏజన్సీ కొండలలో లొహరా కమ్మరులు తమ తిత్తులతో ఇనుము సేవ చేయుచు వచ్చిరి. నేడు టార్చి డబ్బులున్న ప్రతివానికిని దొరకును. కొలిమిచెంత ఏండ్లకొలది గాలి ఊది, మాటపడి, చేయి కాల్చుకొని నేర్చిన నియమము మాత్రము దానితోపాటు దొరకదు. జన్మచే అధికారము వచ్చునని నేననను. విశ్వబ్రాహ్మణకులమున వెలసిన పోతులూరి వీరబ్రహ్మము దూదేకుల సిద్ధయ్యను, కక్కయ్యను శిష్యులుగా స్వీకరించినపుడే ఆ ప్రశ్న తీరినది. కాని ఆయన వారికి శిక్షణ నిచ్చియే స్వీకరించెను. ఇంటివాడు టార్చి కొనుటకు ముందు, పని తెలిసిన కమ్మరియొద్ద కొన్నాళ్లు నిలిచి, మంటను వెలిగించుటయు ఆర్పుటయు నేర్వవలెను. ఇంధనపు గొట్టము బిగింపు ఎడమమరయై, ఆక్సిజన్ గొట్టము బిగింపు కుడిమరయై యుండుట పరధ్యానమున ఒకదాని కొకటి తగిలింపకుండుటకే. పూర్వులు మఱచుట మనుష్యస్వభావమని యెఱిగి చేసిన ఏర్పాటది.

ఆ తల్లి యడిగిన ప్రశ్నకు పురాణమే సమాధానము చెప్పుచున్నది. సూర్యుని తేజస్సు నోర్వలేక సంజ్ఞాదేవి తొలగిపోగా, ఆమె తండ్రియగు విశ్వకర్మ అల్లుని తన యంత్రముపై నిలిపి, ఆ తేజస్సులో ఎనిమిదవపాలును మాత్రము చెక్కివైచెననియు, రాలిన ఆ శకలములనుండియే విష్ణుచక్రము, శివుని త్రిశూలము, కుమారస్వామి శక్తి పుట్టినవనియు విష్ణుపురాణము చెప్పుచున్నది. ఛేదనము అమంగళమైనచో దేవశిల్పి తన కూతురి కాపురమును నిలుపుటకు దానిని వాడియుండడు. అందు గమనింపవలసినది ఆ కొలత. కాపురము నిలుచుటకు ఎంత తొలగింపవలెనో అంతియే తొలగించెను, మిగిలిన ఏడుపాళ్లను ముట్టలేదు, రాలినదానిని పారవేయలేదు. కావున నిత్యదీపమున్న ఇంటి ఆవరణలో ఈ నిప్పు ఉండవచ్చునని ఆమెకు నిస్సంశయముగా చెప్పుచున్నాను, కొలత తప్పనంతవరకు.

ఆ గృహస్థునకు నేను చెప్పిన నిర్ణయ మిట్లున్నది. ఐదారు మిల్లీమీటర్లకు లోబడిన రేకును, సన్నని యాంగిలును, గొట్టమును గ్రైండరు చక్రముతోనే కోసికొనవలెను. అగ్ని యవసరము లేనిచోట అగ్నిని పిలువరాదు. అంతకు మించిన పలకలకు ఎల్.పి.జి. టార్చి తీసికొని, దానికి పీఎన్ఎం నాజిల్‌నే వాడవలెను. ఎసిటిలీనుకై చేసిన ఏఎన్ఎం నాజిల్‌ను దానికి పెట్టరాదు. పది మిల్లీమీటర్ల పలకకు 3/64 అంగుళపు రంధ్రము చాలును. 19 కిలోల సిలిండరును తన పేరనే తెచ్చుకొని, రెండు గొట్టములకును, మంట వెనుకకు పాకకుండ నాపు ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరులు బిగించి, సిలిండరులను నిలువుగా గొలుసుతో కట్టి, పని లేనపుడు ఇంధనమును ఆక్సిజన్‌కు ఆరు మీటర్ల యెడముగా నుంచి, షెడ్డు గోడలకు నేలమట్టమున గాలిసందులు విడువవలెను. ఉక్కు అతుకు పని ఎప్పుడో గాని రాదు గనుక, దానికై విద్యుత్ వెల్డింగు సెట్టును గుణుపురములో అద్దెకు తెచ్చుకొనవచ్చును. వారి షెడ్డు వంటయింటి గోడకు ఆనుకొని యున్నదని మాటలలో తెలియవచ్చినది. ఆ షెడ్డును పెరటి ఆవలికి మార్చువరకు గ్రైండరుతోనే కాలము గడుపుడని చెప్పితిని.